ఎడమ గది కోళ్ళు

హిల్కా అంటే మా ఊళ్ళో చాలామందికి బంక హిల్కా. ఆ పేరు పెట్టింది కౌకో. వాడికీ ఒక కోళ్ళ షెడ్డుంది, రోడ్డుకు అవతలి వైపు. మనుషులకు పేర్లు పెట్టడం తప్ప వాడికి మరో పని చేతనవునా అని నలభై ఏళ్ళుగా నా అనుమానం. నా పేరు సైమీ. ఇక్కడి బడిలో ముప్ఫై ఒక్క ఏళ్ళు వంట చేసి రిటైరయ్యాను. మా ఫిన్లాండువాళ్ళు నోరు విప్పితే ముత్యాలు రాలిపోతాయన్నట్టు కూచుంటారు. ఆ లోటంతా పూడ్చడానికే నువ్వు పుట్టావని మా ఆయన బతికున్నన్నాళ్ళూ అన్నాడు. హిల్కా తన కథ తాను చెప్పుకునే మనిషి కాదు. కాబట్టి నేనే చెబుతాను. మధ్యలో నాకు కోపమొస్తే మీరే సర్దుకోండి.

ఆమెకు మూడు వేల కోళ్ళు. అన్నీ గుడ్లు పెట్టే తెల్లకోళ్ళే. షెడ్డు మధ్యలో గోడ పెట్టించి రెండు గదులు చేసింది, గదికి పదిహేను వందల కోళ్ళు. ప్రతి గది గుమ్మంలో అడ్డంగా మోకాలెత్తు బల్ల ఉంటుంది. బయటి బూట్లు బల్లకి ఇవతల విప్పాలి, బల్ల మీద కూచుని కాళ్ళు అటు తిప్పాలి, అటువైపున్న బూట్లు తొడుక్కోవాలి. ఎడమ గదికి ఒక జత, కుడి గదికి ఇంకో జత. జబ్బు క్రిములు మనిషి అరికాళ్ళ కిందే ప్రయాణం చేస్తాయని మా దగ్గర పిల్లలకు కూడా తెలుసు. పాస్టరొచ్చినా సరే, ఆ బల్ల దగ్గర బూట్లు విప్పాల్సిందే. ఒకసారి అలాగే విప్పితే ఆయన సాక్సులోంచి బొటనవేలు బయటికి కనబడింది. ఊరంతా వారం రోజుల పాటు పైకి ఒక్క మాట అనకుండా లోపల్లోపల నవ్వుకుంది.

నేను గురువారాలు వెళ్ళి గుడ్లు ట్రేలలో సర్దుతాను. కాఫీ కోసం వెళతానని కౌకో అంటాడు. అననీ.

ఇక బంక సంగతి. మా అడవుల్లో స్ప్రూస్ అని సూదుల్లాంటి ఆకుల చెట్టు ఉంటుంది, దాని బెరడు చిట్లిన చోట బంక కారి గడ్డ కడుతుంది. హిల్కా వాళ్ళమ్మ దాన్ని వెన్నలో కాచి, గుడ్డలో వడగట్టి మలాం చేసేది. చలికి పగిలిన వేళ్ళు, గొడ్డలి దెబ్బలు, ఆవు పొదుగు పుండ్లు, దేనికైనా అదే మందు. హిల్కాకి ఎనిమిదేళ్ళప్పుడు గడ్డి కోసే కొడవలి తగిలి చీలమండ దగ్గర ఎముక కనబడేంత తెగింది. ఆ మలాంతోనే మానిపోయింది. మచ్చ ఇప్పటికీ ఉంది, సౌనాలో, అంటే మా ఆవిరి స్నానాల గదిలో, కూచున్నప్పుడు నేను ఎన్నోసార్లు చూశాను.

మరుసటి ఏడు, అరవై నాలుగు అక్టోబరులో, వాళ్ళ నాన్న అరచెయ్యి కంచె ముళ్ళతీగకు చీరుకుపోయింది. అమ్మ మలాం పూసి కట్టు కట్టింది. చెయ్యి వాచింది. ఇంకాస్త పూసింది. ఆసుపత్రికి వెళదామని ఆయనా అనలేదు, ఆమె కూడా అనలేదు. అయిదు రోజులు అలా గడిచాయి. ఆరో రోజు పొద్దున మోచెయ్యి దాటి భుజం దాకా ఎర్రటి గీత పాకింది. అప్పుడు పక్కవాళ్ళ కారులో తీసుకుపోయారు. సాయంత్రానికి ప్రాణం పోయింది.

బంక పూసి మొగుణ్ణి చంపుకుందని ఊళ్ళో ఆడవాళ్ళు అన్నారు. మా అమ్మ కూడా అంది, మా వంటింట్లో, నా ముందే. నేను ఆ మాటను మర్నాడు బడికి మోసుకెళ్ళాను. తొమ్మిదేళ్ళ దాన్ని, బుద్ధి లేదు. హిల్కా విన్నది. ఇది చెప్పడానికి నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది, కానీ చెప్పకుండా దాటేస్తే మిగతాదంతా మీకు అర్థం కాదు.

వాళ్ళమ్మ మాత్రం చనిపోయేదాకా ఏటేటా మలాం కాస్తూనే ఉంది. ఆ చావు గురించి మాత్రం పెదవి విప్పలేదు. హిల్కా పెరిగింది, పెళ్ళయింది, మొగుడు పోయాడు, కోళ్ళు పెంచింది. యాభై ఏళ్ళ పైగా ఆమె మనసులో ఒకటే ప్రశ్న ఉండిపోయింది. బంకలో గుణం ఉందా లేదా? ఉంటే అమ్మ చేసింది వైద్యం. లేకపోతే ఊళ్ళోవాళ్ళు అన్నదే నిజం. నాకు ఈ సంగతి ఒకే ఒక్కసారి చెప్పింది, మా ఆయన అంత్యక్రియల రోజున. అలాంటి రోజున తప్ప ఇలాంటి మాటలు రావు మావాళ్ళకి.

ఆమె బంకను దంచి ఓట్స్‌లో కలిపి చలికాలమంతా కోళ్ళకు చల్లేది. కౌకో ఎగతాళి అప్పుడే మొదలైంది.

"ఏం హిల్కా, నీ కోళ్ళు గుడ్లు పెడుతున్నాయా, గుడ్లన్నీ ఒకదానికొకటి అంటుకుని వస్తున్నాయా?" అనేవాడు.

"నీ కోళ్ళలాగా చస్తూ పెట్టడం లేదులే" అని నేను అనేదాన్ని. హిల్కా అయితే నవ్వి ఊరుకునేది.

ఒకనాడు రైతుల పత్రికలో ఒక వార్త వచ్చింది. చెట్టు బంకను కోళ్ళ దాణాలో కలిపితే పేగుల్లో చెడ్డ క్రిములు తగ్గుతాయేమో చూడాలని పరిశోధనవాళ్ళు అనుకుంటున్నారట. హిల్కా ఆ ముక్క కత్తిరించి ఫ్రిజ్‌కి అంటించింది. తర్వాత వాళ్ళకి ఫోను చేసింది. ఆమె తనంతట తాను ఎవరికైనా ఫోను చెయ్యడం నేను చూసింది అదే మొదలు. నా షెడ్డులో రెండు గదులున్నాయి, వచ్చి చూసుకోండి అని చెప్పి పెట్టేసింది.

అలా వచ్చింది వెన్లా. ముప్ఫై దాటి ఉండదు, పశువైద్యురాలు, మాట కరుకు, పని శుభ్రం. బల్ల దగ్గర ఎవరూ చెప్పకుండానే బూట్లు విప్పింది. హిల్కాకి నచ్చేసింది.

"దాణా రెండు రకాలు వస్తుంది. పసుపు చీటీ ఒకటి, నీలం చీటీ ఒకటి" అంది వెన్లా. "ఒకదాంట్లో బంక కలిపి ఉంటుంది, ఒకదాంట్లో ఉండదు. ఏది ఏదో మీకు తెలియకూడదు."

"ఎందుకు?" అన్నాన్నేను. ఆమె చెబుతున్నది హిల్కాకి, నాకు కాదు, అయినా అడిగాను.

"తెలిస్తే చెయ్యి ఒకవైపుకు మొగ్గుతుంది. ఎవరికైనా సరే, నాకైనా. ఇంకో మాట హిల్కా. దాణా తప్ప ఇంకేమీ పెట్టొద్దు. మీ బంక ఓట్స్ అసలొద్దు. పన్నెండు వారాలు."

హిల్కా సంతకం పెట్టింది. వెన్లా వెళ్ళిపోయింది. దాణా లారీ వచ్చి షెడ్డు పక్కనున్న రెండు పెద్ద ఇనప డబ్బాలు నింపి పోయింది. హిల్కా నిచ్చెనెక్కి నీలం చీటీ డబ్బా మూత తీసి లోపలికి తొంగి చూసింది. దిగి, పసుపు చీటీ డబ్బా ఎక్కి అక్కడా మూత తీసింది. దిగేసరికి మొహం మారిపోయింది.

"ఏమైందే?" అన్నాను.

"ఏం లేదు."

"ఏం లేకపోతే ఆ మొహమేంటి, పుల్లటి పెరుగు తాగినట్టు?"

"పసుపుది బంక" అంది. "అది పోయేది కుడి గదికి."

నాకు నవ్వొచ్చింది. ఎనిమిదేళ్ళప్పటి నుంచి వాళ్ళమ్మ పక్కన నిలబడి బంక కాచిన మనిషికి చీటీలు చూపించి దాస్తారా! ఆ దాణా మిల్లువాళ్ళకి, ఆ వెన్లాకి, ఇంత చదువూ చదివి, ముక్కు సంగతి తట్టలేదు. "ఫోన్ చేసి చెప్పు మరి" అన్నాను.

"వాసన చూడొద్దని కాగితంలో లేదుగా" అంది హిల్కా. చెప్పలేదు. చెబితే వెన్లా ఇంకో షెడ్డు చూసుకుంటుందని భయం. యాభై ఏళ్ళకు ఒక్కసారి గుమ్మంలోకి వచ్చిన జవాబును ఎవరు పోనిస్తారు? అప్పుడు నాకూ అది తప్పనిపించలేదు.

ఫిబ్రవరి మొదట్లో కోళ్ళు చావడం మొదలైంది. ముందు రోజుకొకటి, తర్వాత రెండు. కోడి మూలకు చేరి, తోక వాల్చి, మెడ భుజాల్లోకి లాక్కుని కూచుంటుంది. నీళ్ళు కూడా తాగదు. మూడో రోజుకి పోతుంది. వెన్లా వచ్చి బయటి గదిలో బల్ల మీద ఒకదాని పొట్ట కోసి చూపించింది. లోపల పచ్చసొన విరిగిన పాలలా ముద్దలు కట్టి ఉంది. వాసనకు నేను బయటికి వచ్చేశాను.

"ఈ-కోలి" అంది వెన్లా చేతులు కడుక్కుంటూ. "మామూలుగా పేగుల్లో ఉండేదే. దారి దొరికితే పొట్టలోకి, అక్కణ్ణించి రక్తంలోకి వెళుతుంది."

"మందు?" అంది హిల్కా.

"యాంటీబయాటిక్ వేస్తే గుడ్లన్నీ పారబొయ్యాలి. పైగా మాటిమాటికీ వేస్తే ఆ మందుకు లొంగని క్రిములు తయారవుతాయి, రేపు మనుషులకు జబ్బు చేస్తే వెయ్యడానికి మందే ఉండదు. అది వెయ్యకుండా గడుస్తుందా అని చూడ్డానికే కదా ఇదంతా. చచ్చినవాటిని లెక్కపెట్టి రాయండి. ఇంకేం చెయ్యొద్దు."

హిల్కా తలుపు మీది కాగితంలో గీతలు గీసింది. ఎడమ గదిలో రోజుకి ఆరు. కుడి గదిలో రెండు. ఆమెకు ఏ గదిలో ఏముందో తెలుసు. రోజూ పొద్దున్నే ఎడమ గదిలోంచి ఆరేసి కోళ్ళను కాళ్ళు పట్టుకుని బయటికి మోసుకొచ్చేది. అవి అంత బరువుండవు, కానీ ఆ పది రోజుల్లో ఆమె నడుం వంగింది. నేను కళ్ళారా చూశాను.

ఆ గురువారం నేను కాస్త ముందే వెళ్ళాను. కట్టెల కొట్టంలోంచి దబదబ చప్పుడు.

"ఏమిటే అది?" అన్నాను తలుపు తీసి.

"కట్టెలు."

"కట్టెల్ని గోనెసంచిలో పెట్టి సుత్తితో కొడతారా?"

హిల్కా చెయ్యి ఆగింది. గడ్డకట్టే చలిలో బంక ఉప్పు గల్లులా విరుగుతుంది, దంచడానికి అదే సమయం. పక్కనే ఓట్స్ బకెట్.

"హిల్కా, వద్దు. సంతకం పెట్టావు."

"నేను పెట్టాను. కోళ్ళు పెట్టలేదు."

"మాట తప్పినట్టవుతుంది."

"మరి చూస్తూ ఊరుకోనా?" గొంతు పెంచింది. ఆ మనిషి గొంతు పెంచగలదని నాకు అంతవరకూ తెలియదు. "షెడ్డులో గోడకి అటువైపున్న వాటికి పెడుతున్నాను, ఇటువైపున్న వాటికి లేదు. మందు చేతిలో ఉంచుకుని. ఆరు, సైమీ. ఇవాళ కూడా ఆరు."

బకెట్ ఎత్తుకుని వెళ్ళింది. బల్ల దగ్గర కూచుని, ఎడమ గది బూట్లు తొడుక్కుని, చేతులు కడుక్కుని మరీ లోపలికి పోయింది. దొంగపని చేస్తూ కూడా బూట్లు మార్చుకునే మనుషులం మేము. వెనక్కి తిరిగి నా కాళ్ళ వంక కూడా చూసింది, నేను మార్చుకున్నానా లేదా అని. నాకు ఒళ్ళు మండింది, ఏడుపూ వచ్చింది. నేను ఎవరికీ చెప్పలేదు. చెప్పి ఉండాల్సింది. చిన్నప్పుడు చెప్పకూడనిది చెప్పాను, పెద్దయ్యాక చెప్పాల్సింది చెప్పలేదు.

రెండు వారాల్లో ఎడమ గదిలో చావులు మూడుకు దిగాయి. తర్వాత రెండుకు. కుడి గదిలోనూ రెండే. హిల్కా మొహం తేటపడింది. "చూశావా" అన్నట్టు నా వంక చూసేది. నేనూ చూశాను. అమ్మ చేసింది వైద్యమే అని ఆమె మనసులో రాసేసుకుంది.

ఏప్రిల్‌లో గుడ్ల రైతులందరికీ సంఘం హాల్లో సమావేశం పెట్టారు. యాలకుల బన్నులు నేనే చేశాను, ఎనభై. దాణా మిల్లు నుంచి ఒకాయన ఫైలు పట్టుకుని వచ్చాడు. వెన్లా లెక్కలు బాగుంటే ఈ చుట్టుపక్కల కోళ్ళన్నిటి దాణాలోనూ బంక కలపాలని వాళ్ళ ఆలోచన. కౌకో ముందు వరసలో కూచుని, బన్ను వాసన చూసి, "ఇందులో కలిపిందా మన బంక హిల్కా?" అన్నాడు. నలుగురు నవ్వారు.

వెన్లా లేచి చెప్పింది. పన్నెండు వారాల్లో నీలం చీటీ గదిలో నూట ముప్ఫై పోయాయి, పసుపు చీటీ గదిలో నూట ఎనిమిది. "ఇరవై రెండు తేడా. పదిహేను వందల్లో ఈ మాత్రం తేడా ఊరికే కూడా రావచ్చు. కాబట్టి బంక వల్ల లాభం కనబడలేదనే చెప్పాలి. నేనూ ఆశ పెట్టుకున్నాను, కానీ లెక్క ఇదే."

మిల్లాయన ఫైలు మూశాడు. కౌకో వెనక్కి తిరిగి హిల్కా వంక చూసి కనుబొమలెగరేశాడు.

పక్కన హిల్కా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూచుంది, రెండు బొటనవేళ్ళు ఒకదాన్నొకటి నొక్కుతున్నాయి. ఊరుకుంటే ఊరుకోవచ్చు. నేను తప్ప ఎవరికీ తెలియదు. బంక పనికిరాదని కాగితాల్లోకి ఎక్కుతుంది, అంతే. అమ్మ సంగతీ దానితోపాటే తేలిపోతుంది, తప్పుడు లెక్కతో.

హిల్కా లేచి నిలబడింది. మీటింగులో ఆమె లేచి నిలబడటం ఎవరూ ఎరగరు.

"ఎడమ గది కోళ్ళకి నేను పెట్టాను" అంది.

"ఏం పెట్టారు?" అంది వెన్లా.

"బంక. ఓట్స్‌లో."

"ఎప్పటి నుంచి?"

"ఫిబ్రవరి పదకొండు."

"రోజూనా?"

"ఆదివారాలు కూడా."

వెన్లా మొహంలో రక్తం లేదు. తర్వాత అంతా ఒక్కసారే వచ్చింది. "ఒక్కటే అడిగాను మిమ్మల్ని. ఒక్కటే! అసలు ఏది ఏ గదో మీకెలా తెలిసింది?"

"వాసన."

"వాసన" అంది వెన్లా. నవ్వబోయి, ఆపుకుని, అగ్గి మీద గుగ్గిలమైపోయింది. "మూడు నెలల పని! రెండు వందల పైచిలుకు కోళ్ళు చచ్చాయి, ఎందుకు చచ్చాయో ఇప్పుడెవరూ చెప్పలేరు!"

"చచ్చిపోతుంటే చూస్తూ ఎలా ఉండను?" అంది హిల్కా మెల్లగా. "నేను పెట్టాక తగ్గాయి. ఆరు పోయేవి, రెండే పోయాయి. బంక పనిచేసింది."

"పనిచేసిందా? మీ బంకతో తగ్గిందా, జబ్బే దానంతటది తగ్గిందా? ఈ-కోలి ఇలా వచ్చి అలా పోతుంది కూడా. ఆ గదిని మీరు వదిలేసి ఉంటే తెలిసేది. ఇప్పుడు మీకు తెలీదు, నాకు తెలీదు, ఇంకెవరికీ తెలీదు."

ఆ మాటకు హిల్కా కుర్చీ పట్టుకుంది. అక్కడున్న వాళ్ళంతా అది సిగ్గు అనుకున్నారు. నాకు తెలుసు అది ఏమిటో. యాభై ఏళ్ళు ఎదురుచూసిన జవాబును తన చేతులతో తనే చెరిపేసుకుంది. ఆ చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకుపోదామని లేచాను. అంతలో కౌకో లేచి, కప్పులో కాఫీ పోసి, ఒక బన్ను పళ్ళెంలో పెట్టి ఆమె ముందుంచాడు. "తిను హిల్కా" అన్నాడు. బంక అనలేదు. వాడిలో మనిషున్నాడని నాకు అప్పుడే తెలిసింది.

మే నెలంతా హిల్కా పలకలేదు. మామూలుగా పలకకపోవడం వేరు, అది వేరు. గుడ్లు ఏరుతుంది, ట్రే నింపుతుంది, నేనేం వాగినా వింటుంది. నేను నాకు తెలిసిన అన్ని రకాలుగా తిట్టి చూశాను, నవ్వించి చూశాను. చివరికి జూన్‌లో ఒక గురువారం అడిగింది.

"వెన్లా మళ్ళీ వస్తుందా?"

"ఏ మొహం పెట్టుకుని పిలుస్తావే?"

"ఈ మొహమే ఉంది" అంది. ఆ సాయంత్రమే ఫోను చేసింది. ఈసారి పెట్టెయ్యకుండా చాలాసేపు వింది. అటువైపు నుంచి వెన్లా ఏమందో నాకు తెలియదు. ఇటువైపు హిల్కా అన్నది ఒకటే మాట, మూడుసార్లు: "ఈసారి చూస్తూ ఉంటాను."

కొత్త కోళ్ళ మందతో మళ్ళీ మొదలుపెట్టారు. వెన్లా ఈసారి ముందు ముక్కు సంగతి చూసింది. రెండు డబ్బాల మూతల లోపలా ఇంతింత బంక ముద్దలు గుడ్డలో కట్టి వేలాడదీసింది. "ఇప్పుడు వాసన చూసుకోండి" అంది. హిల్కా నవ్వింది, ఏడాదిలో మొదటిసారి. అంతేకాదు, కోడి మూలకు చేరి తోక వాల్చిన రోజే దాని కాలికి ఎర్ర రింగు తొడగాలని చెప్పింది. జబ్బు పడ్డాక ఎన్ని బతుకుతాయో కూడా చూడాలట. ఆ శరత్కాలం హిల్కా బంక కోసం అడవికి వెళ్ళలేదు. దగ్గరుంటే చెయ్యి ఊరుకోదని ఆమెకు తెలుసు.

జనవరి ఆఖరుకి మళ్ళీ వచ్చింది జబ్బు. ఈసారి కుడి గదిలో ఎక్కువ. నాలుగు, అయిదు, ఏడు. ఎడమ గదిలో రెండు, మూడు. వాసన తెలియకపోయినా, కుడి గదిలోవాటికి బంక లేదని ఎవరికైనా తోస్తుంది. నేను రోజూ వెళ్ళడం మొదలుపెట్టాను. గుడ్ల కోసం కాదు, ఆమె కోసం.

ఒక పొద్దున కుడి గదిలో ఒక కోడి ఆమె బూటుకు ఆనుకుని కూచుంది. తెల్లటి ఈకలు ఉబ్బించుకుని, కళ్ళు సగం మూసి. హిల్కా వంగి దాన్ని ఒళ్ళోకి తీసుకుంది. రింగు తొడిగింది. అలాగే పట్టుకుని ఉండిపోయింది.

"హిల్కా" అన్నాను, "ఒక్కదానికి పెడితే ఏమవుతుంది? నా దగ్గర మలాం డబ్బా ఒకటుంది, మీ అమ్మ ఇచ్చిందే."

చూడండి, కిందటేడు వద్దన్నదాన్ని నేనే.

"ఒక్కదానితోనే మొదలవుతుంది" అంది. కోడిని పొట్టు మీద దింపింది. నిలబడి, పక్కదాన్ని చూడ్డానికి వెళ్ళింది. ఆమె భుజాలు కదులుతున్నాయి. నేను దగ్గరకు వెళ్ళలేదు, వెళితే ఇద్దరం ఆగలేకపోయేవాళ్ళం.

వెన్లా ఏప్రిల్ చివర వచ్చింది. ఈసారి హాలుకు కాదు, ముందు ఇంటికే. వంటింట్లో కూచుని కాఫీ కూడా ముట్టుకోకుండా కాగితం తీసింది.

"కుడి గదిలో బంక లేదు. నూట అరవై నాలుగు పోయాయి. ఎడమ గదిలో ఉంది. తొంభై ఏడు. ఇది ఊరికే వచ్చే తేడా కాదు హిల్కా. ఇది ఒక్క షెడ్డు లెక్కే, ఇంకా వేరే చోట్ల చూడాలి. కానీ నా మటుకు నాకు, పనిచేసింది."

నేను ఎగిరి గంతేశాను, ఈ వయసులో. "కౌకోగాడు తన మాటలు తనే మింగుతాడివాళ!" అని అరిచాను. వెన్లా కూడా నవ్వింది. హిల్కా నవ్వలేదు.

"రింగులు తొడిగినవో?" అంది.

వెన్లా కాగితం తిప్పింది. "అవి రెండు గదుల్లోనూ ఒకటే. నూటికి తొంభై పైనే పోయాయి. బంక క్రిముల్ని లోపలికి రానివ్వకుండా కాస్తుందేమో కానీ, ఒకసారి రక్తంలోకి దిగాక ఏమీ చెయ్యలేదు."

"ఏమీ చెయ్యలేదా?"

"లేదు. అప్పుడు కావలసింది మందే."

"మనిషికైనా?"

"మనిషికైతే మరీను."

నా నవ్వు నోట్లోనే ఆగిపోయింది. హిల్కా బల్ల మీది గుడ్డ ముడతలు చేత్తో సాపు చేస్తోంది.

"అరవై నాలుగులో ఆ మందు ఉండేదా?" అంది. "ఇక్కడ. పట్నం ఆసుపత్రిలో."

"పెనిసిలినా? ఉండేది. అప్పటికి చాలా ఏళ్ళుగా ఉంది" అని వెన్లా టక్కున చెప్పేసి, మా ఇద్దరి మొహాలూ చూసింది. ఏదో అర్థమైంది ఆ పిల్లకి. "అంటే, అది మనిషిని బట్టి, గాయాన్ని బట్టి... ఎంత త్వరగా వెళ్ళారన్నదాన్ని బట్టి కూడా..."

"మెత్తగా చెప్పకమ్మా" అంది హిల్కా. "రెండు వందల అరవై కోళ్ళు చచ్చాక చెబుతున్నావు. ఉన్నది ఉన్నట్టే చెప్పు."

"వెంటనే తీసుకెళితే బతికేవాళ్ళేమో" అంది వెన్లా. "చాలావరకు బతుకుతారు."

హిల్కా తలూపింది. లేచి, చల్లారిన కాఫీ పారబోసి, వేడిగా మళ్ళీ పోసింది ఆమెకి.

మే రెండో ఆదివారం, తల్లుల పండుగ. శ్మశానంలో హిల్కా అమ్మానాన్నల సమాధి రాళ్ళు పక్కపక్కనే. నేనూ వెళ్ళాను. హిల్కా మోకాళ్ళ మీద కూచుని పాత ఆకులు తీసింది, మట్టి గుల్ల చేసి రెండిటి ముందూ పూలమొక్కలు పెట్టింది, నీళ్ళు పోసింది. నేను ఒక్క ముక్క మాట్లాడలేదు, ఎంత కష్టమో నాకు తెలుసు. అయినా ఒకటి చెప్పాలని ఉంది, యాభై ఏళ్ళ పైబడిన మాట. "బడికి ఆ మాట తెచ్చింది నేనే, హిల్కా" అన్నాను.

"తెలుసు" అంది.

తర్వాత తల్లి రాయి మీద చెయ్యి పెట్టింది. మట్టి అంటిన చెయ్యి.

"తప్పు చేశావమ్మా" అంది పైకే. "తీసుకెళ్ళాల్సింది." ఊపిరి పీల్చుకుంది. "అయిదు రాత్రులు నిద్రపోలేదు నువ్వు. గంటకోసారి కట్టు మార్చావు. నేను మంచం మీంచి చూస్తూనే ఉన్నాను."